ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడలేకపోతే పడిపోతారా?

పాఠకుల ప్రశ్నలు, ఫిజియోథెరపిస్ట్ జవాబులు

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. వాట్సాప్‌లో వచ్చిన ఒక వీడియో చూసి మా అబ్బాయి ఆవిడను ఒంటికాలి మీద నిలబెట్టాడు. నాలుగు సెకన్లకే గోడ పట్టుకున్నారు. పది సెకన్లు నిలబడలేనివాళ్లు తొందరలోనే పడి తుంటి విరగ్గొట్టుకుంటారని ఆ వీడియోలో చెప్పారట. అప్పటినుంచి ఆవిడ డాబా ఎక్కడం మానేశారు, గుడికి కూడా రానంటున్నారు. నిజంగా అంత ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆవిడను గుడికి తీసుకెళ్లండి. మీరు పక్కన ఉండండి, చెయ్యి పట్టుకోండి, కానీ వెళ్లనివ్వండి. పడతానేమోనన్న భయంతో నడక మానేస్తే కాళ్లలో బలం తగ్గుతుంది, బలం తగ్గితే అప్పుడు నిజంగానే పడతారు. ఆ వీడియో చేసిన అసలు నష్టం ఇదే.

ఇక ఆ పది సెకన్ల సంగతి. ఇది గాల్లోంచి పుట్టింది కాదు. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 1,702 మందిని ఒంటికాలి మీద నిలబెట్టి, ఆ తర్వాత కొన్నేళ్లపాటు వాళ్లేమయ్యారో గమనించారు. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. పది సెకన్లు నిలబడలేనివాళ్లలో చనిపోయే ప్రమాదం 84 శాతం ఎక్కువని తేలింది, అదే అన్ని పేపర్లలోనూ టీవీల్లోనూ వచ్చింది. గమనించండి, వాళ్లు లెక్కపెట్టింది మరణాలను, పడిపోవడాలను కాదు. పైగా నిలబడలేకపోయినవాళ్లలో షుగర్, ఊబకాయం, గుండె జబ్బులు ఉన్నవాళ్లు ఎక్కువ. అంటే ఆ పది సెకన్లు మనిషి మొత్తం ఆరోగ్యం ఎలా ఉందో కొంత చెబుతున్నాయి తప్ప, ఫలానావిడ ఫలానా ఏడాదిలో బాత్రూమ్‌లో జారుతుందని చెప్పడం లేదు. ఇంకో విషయం వీడియోలో చెప్పి ఉండరు. ఆ 1,702 మందిలో 71 నుంచి 75 ఏళ్ల వాళ్లను మాత్రమే తీసుకుంటే సగానికి పైగా నిలబడలేకపోయారు. మీ అత్తగారి వయసు 72. ఆవిడ ఆ పెద్ద గుంపులో ఒకరు, అంతే.

అలాగని ఈ పరీక్షలు దండగ అని నేను అనను. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లందరినీ నిలబెట్టి చూస్తాను. కాకపోతే నేరుగా ఒంటికాలి దగ్గర మొదలుపెట్టను. మొదట రెండు పాదాలూ పక్కపక్కన ఆనించి నిలబడమంటాను. అది పది సెకన్లు బాగా నిలబడితే, ఒక పాదాన్ని కాస్త ముందుకు జరిపి దాని లోపలి వంపు దగ్గర రెండో పాదం బొటనవేలు తగిలేలా పెట్టమంటాను. ఆ తర్వాత ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా, ఒకే గీత మీద నిలబడినట్టు. అదీ అయితే ఒంటికాలు. కళ్లు తెరిచే ఉంచాలి, చేతులు పక్కకు చాపుకోవచ్చు, ఒక్కో దశ పది సెకన్లు, ఎక్కడ తప్పితే అక్కడ ఆపెయ్యాలి. ఈ నాలుగింటిలో నేను ఎక్కువ పట్టించుకునేది మూడోది. ఒకే గీత మీద పది సెకన్లు నిలబడలేనివాళ్లకు పడే ప్రమాదం ఎక్కువని చాలాచోట్ల వాడే లెక్క. మన దేశంలో పెద్దవాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడానికి 45 ఏళ్లు దాటినవాళ్లనూ వాళ్ల భార్యాభర్తలనూ కలిపి 72 వేల మందికి పైగా చూసిన లాసీ సర్వేలో (2017-18) కూడా ఇలా పాదాలు జరిపి నిలబెట్టే పరీక్షలే పెట్టారు.

ఇంట్లో చేయాలనుకుంటే గది మూలలో నిలబెట్టండి, వెనకా పక్కనా గోడ ఉంటుంది, ముందు బరువైన కుర్చీ వేయండి, మీరు చెయ్యందేంత దూరంలో ఉండండి. కింద చాప, గోనెపట్టా లాంటివి వద్దు. ఈమధ్యే పడినవాళ్లకు, నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లకు ఇంట్లో అసలు వద్దు.

సెకన్లు లెక్కపెట్టడం పిల్లలకు వదిలేసి మీరు పాదాల వైపు చూడండి. బాగా నిలబడేవాళ్ల చీలమండ దగ్గర కండరాల తాళ్లు చిన్నగా అటూ ఇటూ ఆడుతుంటాయి, పాదం నేలను అంటిపెట్టుకునే ఉంటుంది, పైనున్న ఒళ్లు మాత్రం కదలదు. ఇంకొందరిలో ఆ పని చీలమండ చేయదు. కాలివేళ్లు తెల్లబడేంతగా నేలను పట్టుకుంటాయి, నడుము ఒక్కసారి పక్కకు ఊగుతుంది, ఊపిరి బిగబడతారు, చెయ్యి గోడకోసం వెళుతుంది. ఇద్దరూ పది సెకన్లే నిలబడి ఉండవచ్చు, స్టాప్‌వాచ్‌లో ఇద్దరికీ ఒకటే అంకె పడుతుంది, కానీ ఇద్దరూ ఒకటి కాదు. రెండోవాళ్లకు పిక్కల్లో బలం తగ్గిందా, పాదాల్లో స్పర్శ తగ్గిందా, లేక మోకాలి నొప్పికి బరువు వేయలేకపోతున్నారా అన్నది చూడాలి. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయేమో మీరు రాయలేదు. మన ఇళ్లలో ఆ వయసు ఆడవాళ్లు చాలామందికి ఉంటాయి. నొప్పి ఉన్న కాలి మీద నాలుగు సెకన్లే నిలబడ్డారంటే అది బ్యాలెన్స్ లోపం కాకపోవచ్చు, మోకాలి గోల కావచ్చు. రెండో కాలి మీద ఎంతసేపు నిలబడ్డారో ఎవరైనా చూశారా?

అసలు ఇంకో సంగతి ఉంది. పెద్దవాళ్లు కదలకుండా నిలబడి ఉండగా పడటం తక్కువ. పీట మీద నుంచి లేస్తూ, చేతిలో బిందెతో వెనక్కి తిరుగుతూ, గడప దాటుతూ, ఎవరో పిలిస్తే చటుక్కున అటు చూస్తూ పడతారు. నిలబడే పరీక్ష వీటిలో ఏదీ చూడదు. అందుకే దాన్ని ఒంటరిగా నమ్మకూడదు. అందులో పాసైనవాళ్లు పడతారు, ఫెయిలైనవాళ్లు ఏళ్ల తరబడి పడకుండా ఉంటారు. నన్నడిగితే ఒక్క స్టాప్‌వాచ్ కన్నా మూడు ప్రశ్నలు మేలు. గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? నిలబడినప్పుడో నడిచేటప్పుడో తూలినట్టు ఉంటుందా? పడతానేమోనని భయం ఉందా? 2022లో పలు దేశాల నిపుణులు కలిసి రాసిన మార్గదర్శకాల్లో కూడా వీటిని అడగమన్నారు. ఇంతకుముందు ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ, అందుకని మొదటి ప్రశ్నకు "అవును" అన్నారంటే ఆ పడటం ఎలా జరిగిందో పూర్తిగా చెప్పించుకోవాలి.

వీటికి తోడు కుర్చీ పరీక్ష ఒకటి చేయండి. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేసి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లకు పదికంటే తక్కువ వస్తే కాళ్ల బలం తక్కువున్నట్టు. అదే వయసు మగవాళ్లకు పన్నెండు. ఇది తక్కువ రావడం ఒకరకంగా మంచి వార్తే, ఎందుకంటే కాళ్ల బలం 72 ఏళ్లలో కూడా పెంచుకోవచ్చు.

ఇంకొకటి, ఇది ఆవిడకు తెలియకుండా చూడాలి. ఇద్దరూ కలిసి నడుస్తున్నప్పుడు మాట కలపండి, కొంచెం ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్న వేయండి. నడుస్తూనే జవాబిస్తే సరే. ప్రతిసారీ ఆగి, నిలబడి, అప్పుడు జవాబు చెబుతున్నారంటే నడకకే ఆవిడ ధ్యాసంతా ఖర్చవుతోందని అర్థం, అలాంటివాళ్లను నేను తప్పకుండా పూర్తిగా పరీక్షిస్తాను. గుడికి వెళ్లే దారిలో చూడండి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. మామూలుగా నిలబడితే బాగానే ఉంటాను. తలస్నానం చేసేటప్పుడు, సబ్బు నురగకు కళ్లు మూసుకుంటే మాత్రం తూలిపోయి గోడ పట్టుకుంటున్నాను. చెవి సమస్య అని మాత్రలు ఇచ్చారు, వేసుకుంటే మత్తుగా ఉంటోంది, తూలడం తగ్గలేదు. ఇది దేనివల్ల?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీరు రాసిన ఆ ఒక్క వాక్యం, కళ్లు మూసుకుంటే తూలుతున్నానన్నది, చాలా విలువైనది. మనల్ని నిలబెట్టేవి మూడు. కళ్లు, చెవి లోపలి భాగం, పాదాల నుంచీ కీళ్ల నుంచీ మెదడుకు వెళ్లే స్పర్శ. ఒకటి బలహీనపడితే మిగతా రెండూ సర్దుకుంటాయి, అందుకే చాలాకాలం మనకు తెలియదు. పాదాల స్పర్శ తగ్గినవాళ్లు తమకు తెలియకుండానే కళ్లమీద ఆధారపడి నిలబడుతుంటారు. కళ్లు మూసుకోగానే ఆ ఆసరా పోతుంది. డాక్టర్లు పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్లు మూసుకోమని చూసే పరీక్ష ఇదే, 19వ శతాబ్దంలో రోంబర్గ్ అనే జర్మన్ డాక్టరు పేరుమీద ఇప్పటికీ చేస్తున్నారు. మీరు రోజూ బాత్రూమ్‌లో తెలియకుండా ఆ పరీక్ష చేసుకుంటున్నారు, అదీ తడినేల మీద. అందుకని ఈ రోజు నుంచే స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి. స్టూలు ఎత్తుగా ఉండాలి, కిందికి ఉండే పీట వద్దు, లేవడం కష్టం.

చెవి సమస్య అయితే సాధారణంగా పక్క మీద అటు నుంచి ఇటు తిరిగినప్పుడో, పైకి చూసినప్పుడో గది మొత్తం గిర్రున తిరిగినట్టు ఉంటుంది. మీరు తిరగడం గురించి రాయలేదు, తూలడం గురించి రాశారు. రెంటికీ చాలా తేడా ఉంది. నేనైతే మిమ్మల్ని ఇవి అడుగుతాను. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు ఉన్నాయా? దూది మీద నడిచినట్టు ఉంటుందా? నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియకుండా రెండడుగులు వేసి, తర్వాత వెనక్కి చూసుకున్న సందర్భం ఉందా? చీకట్లో నడక మరీ కష్టమా? వీటిలో ఒకటి రెండింటికి అవునన్నా షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతిని ఉండవచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "పాదాల స్పర్శ పరీక్ష చేయండి" అని మీరే అడగండి. సన్నటి నైలాన్ దారం లాంటిదాన్ని అరికాలికి తాకించి చూస్తారు, ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి బొటనవేలి మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. ఐదు నిమిషాల పని, కానీ సాక్సు విప్పించి చూసే ఓపిక అన్నిచోట్లా ఉండటం లేదు, నాకు బాధగా ఉండేది అక్కడే. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడుతున్నట్టయితే విటమిన్ బి12 కూడా చూపించుకోండి, ఆ మందు ఎక్కువకాలం వాడితే బి12 తగ్గవచ్చు, బి12 తగ్గినా ఇలాగే తూలతారు, దానికి చక్కటి వైద్యం ఉంది.

మత్తుగా ఉంటోందన్న మాత్రల సంగతి వెంటనే డాక్టరుకు చెప్పండి. తల తిరగకుండా ఇచ్చే మాత్రలు కొన్ని మత్తు కలిగించి, పెద్దవాళ్లలో తూలడాన్ని ఇంకా పెంచుతాయి. రాత్రి లేచే దారిలో చిన్న లైటు వెలుగుతూ ఉండనివ్వండి, మీ కళ్లకు అది తప్పనిసరి అవసరం. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. ఎప్పుడైనా తూలడం ఉన్నట్టుండి మొదలై, మాట ముద్దగా రావడం, మూతి వంకర, ఒక చెయ్యీ కాలూ పట్టు తప్పడం లాంటివి తోడైతే అది వేరే కథ, ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. నాన్నకు 74, అమ్మకు 70, కరీంనగర్‌లో ఇద్దరే ఉంటారు. నిలబడితే బ్యాలెన్స్ కొలిచి పడే ప్రమాదం ఎంతుందో శాతంలో చెప్పే మెషీన్లు, ఫోన్ యాప్‌లు వచ్చాయంటున్నారు. ఒకటి కొని పంపిద్దామా? ఫోన్ చేస్తే "మేం బాగానే ఉన్నాం" అనే చెబుతారు.
- ఒక పాఠకుడు

జవాబు: అలాంటి మెషీన్ ఒక పలకలా ఉంటుంది, దాని మీద నిలబడితే మన ఒంటి బరువు పాదాల కింద ఎటు ఎంత ఊగుతోందో కొలుస్తుంది. కళ్లు మూసినప్పుడు ఆ ఊగడం ఎంత పెరిగింది, వ్యాయామం చేశాక ఎంత తగ్గిందన్నది తెలుసుకోవడానికి క్లినిక్‌లో పనికొస్తుంది. కానీ పడే ప్రమాదాన్ని ఆ ఒక్క కొలతతో శాతంలో చెప్పడం నేను నమ్మను. మీ నాన్నగారు ఎందుకు పడవచ్చన్నది ఆ పలక కింద లేదు. ఆయన రాత్రి వేసుకునే నిద్రమాత్రలో ఉండవచ్చు, ప్రొస్టేట్ మాత్రలో ఉండవచ్చు, ఏళ్లనాటి కళ్లద్దాల్లో ఉండవచ్చు. ఆ డబ్బుతో బాత్రూమ్‌లో కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు గట్టి హ్యాండిళ్లు వేయించండి. టవల్ రాడ్ హ్యాండిల్ కాదు, మనిషి బరువు వేస్తే ఊడి వస్తుంది.

"బాగానే ఉన్నాం" అంటారు, నిజమే. మీకు టెన్షన్ ఎందుకని అలా అంటారు. "పడ్డారా" అని అడిగితే ఎప్పుడూ "లేదు" అనే వస్తుంది. "ఈ నెలలో ఎక్కడైనా తూలి గోడో తలుపో పట్టుకున్నావా నాన్నా?" అని అడగండి, "కాలు తట్టుకుందా? మంచం మీదికి మళ్లీ కూలబడ్డావా?" అని అడగండి. ఆయన సంగతి అమ్మని, అమ్మ సంగతి ఆయన్ని అడిగితే ఇంకా బాగా తెలుస్తుంది.

వీడియో కాల్‌లో ఒకటి చేయవచ్చు, కాకపోతే అక్కడ ఇంకో మనిషి పక్కన ఉండాలి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి, వచ్చి కూర్చోవాలి. వాడే కర్ర ఉంటే పట్టుకోవచ్చు. పన్నెండు సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే డాక్టరుకు చూపించాలి. ఇందులో నాకు ముఖ్యమైనది ఆ వెనక్కి తిరగడం. రెండు మూడు అడుగుల్లో తిరిగేస్తున్నారా, లేక చిన్నచిన్న అడుగులు ఎన్నో వేస్తూ మొత్తం ఒళ్లంతా ఒక ముద్దలా తిప్పుతున్నారా? కుర్చీలో కూర్చునేటప్పుడు నెమ్మదిగా కూర్చుంటున్నారా, దబ్బున పడుతున్నారా? ఆ వీడియో రికార్డు చేసి పంపితే డాక్టరుకు ఏ మెషీన్ కాగితం కన్నా ఎక్కువ పనికొస్తుంది. అలా చిన్న అడుగులతో తిరుగుతూ, ముఖంలో కదలిక తగ్గి, ఒక చెయ్యి ఊపకుండా నడుస్తున్నారంటే న్యూరాలజిస్టుకు చూపించాలి, పార్కిన్సన్స్ మొదట్లో ఇలా ఉండవచ్చు.

బీపీ ఎవరు చూసినా కూర్చోబెట్టి చూస్తారు. ఈసారి ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూసి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూడమనండి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే అదే పెద్ద ఆధారం. రాత్రి బాత్రూమ్‌కని గబుక్కున లేచి పడేవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది, మాత్రలు సర్దితే చాలామందికి కుదుటపడుతుంది. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒకచోట పెట్టి ఫోటో తీయించుకోండి, ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకు తెలియక రెండేసి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఉంటారు. ఏదైనా ఆపాలంటే మాత్రం వాళ్ల డాక్టరే ఆపాలి, మీరు అక్కడినుంచి ఆపకండి.

ప్రశ్న: నాకు 68. రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద గంటసేపు నడుస్తాను. అయినా ఒంటికాలి మీద మూడు సెకన్లు కూడా నిలబడలేకపోతున్నాను, ప్యాంటు వేసుకోవాలన్నా మంచం మీద కూర్చోవాల్సి వస్తోంది. ఇంత నడిచినా ఎందుకిలా? మా అబ్బాయి కర్ర కొంటానంటున్నాడు, నాకు నామోషీగా ఉంది.
- ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: నడక గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, మానొద్దు. కానీ సాఫీగా ఉన్న గట్టు మీద ఒకే వేగంతో నడిస్తే బ్యాలెన్స్‌కు పని తగలదు. పడటం తగ్గించాలంటే తూలే అవకాశం కొంచెం ఉన్న పనులే, జాగ్రత్తలో ఉండి, చేయాలి. వ్యాయామాల మీద జరిగిన ట్రయల్స్‌ అన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ అనే సంస్థ సమీక్ష 2019లో వచ్చింది. ఇళ్లలో ఉండే పెద్దవాళ్లలో వ్యాయామం వల్ల పడటాలు 23 శాతం తగ్గాయి, అందులోనూ బ్యాలెన్స్ సాధన, లేచి కూర్చోవడం లాంటివి ఉన్నవాటి మీదే గట్టి ఆధారం ఉంది. ఒక్క నడకతోనే తగ్గుతుందని ఆ స్థాయి ఆధారం లేదు.

కాబట్టి వారానికి మూడు రోజులైనా వంటింటి గట్టు దగ్గర నిలబడండి. గట్టు రెండు చేతులతో పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, తర్వాత వేళ్లు పైకెత్తి దించడం. పది చొప్పున. తర్వాత ఒకే గీత మీద పాదాలు పెట్టి నిలబడటం, మొదట రెండు చేతుల ఆసరా, తర్వాత ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్లు, ఆ తర్వాత వేళ్లు గట్టుకు అంగుళం పైన. గట్టు పట్టుకుని పక్కకు అడుగులు వేయడం. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేవడం. ఒంటికాలు చివర్లో, గట్టు పక్కనే. సులువైపోయిందనిపించిన రోజు కాస్త కష్టం చేయండి, ఆసరా తగ్గించండి, తల అటూ ఇటూ తిప్పుతూ నిలబడండి. కష్టం పెంచకుండా ఒకటే ఏళ్లపాటు చేస్తే లాభం ఆగిపోతుంది. ప్యాంటు మాత్రం కూర్చునే వేసుకోండి, అది సాధన చేసే చోటు కాదు.

కర్ర గురించి. గోదావరి గట్టు మీద గంటసేపు తూలకుండా నడవగలుగుతూ, ఈ ఏడాదిలో పడకుండా ఉంటే ఇప్పుడే అక్కర్లేదు. గతుకుల దారిలో, తిరునాళ్ల జనంలో తూలుతున్నట్టుంటే నామోషీ పక్కనపెట్టి పట్టుకోండి, తుంటి విరిగితే పట్టుకోవాల్సింది కర్ర కాదు, వాకర్. కొనేటప్పుడు షాపువాడు ఇచ్చిందల్లా తెచ్చుకోవద్దు. చెప్పులేసుకుని నిలబడి, చేతులు వదులుగా వేలాడదీస్తే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. కింద రబ్బరు బుడిపె అరిగిపోతే కర్ర కూడా జారుతుంది, అది మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా చేసి మళ్లీ కొలుచుకోండి, అదే కాలు, అదే నేల, చెప్పులు లేకుండా. మూడు సెకన్లు ఏడెనిమిది అయితే దారిలో ఉన్నట్టే. ఏమీ పెరగకపోయినా, ఒక కాలికీ రెండో కాలికీ తేడా బాగా ఎక్కువున్నా, ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించుకోండి, నడుము దగ్గర నరం నొక్కుకున్నా, తుంటి కీలు అరిగినా ఇలాగే ఉంటుంది, అప్పుడు చేయాల్సిన వ్యాయామాలు వేరు.